బూటు విప్పే వేళ

నా చిన్నప్పుడు, బతికి ఉన్న మా బాపుకు శ్మశానంలో ఒక చిన్న సమాధి ఉండేది. మా అవ్వ సమాధి పక్కనే, పసిపిల్లను పూడ్చినంత దిబ్బ, తలాపున ఇటుకలు. అందులో ఉన్నది మా బాపు ఎడమ కాలు. మా వైపు అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని, బాపు తల్లిని బాపమ్మ అని పిలుస్తాం. ఈస్టరుకు ముందు మా సంఘం కుటుంబాలన్నీ శ్మశానానికి పోయి తమ తమ వాళ్ల సమాధులు కడిగి సున్నం వేసుకుంటాయి. మా అవ్వకు వేయగా మిగిలిన సున్నం బాపమ్మ ఆ కాలికి వేసేది. పండుగ నాడు బాపు చంకకర్రల మీద నిలబడి తన కాలికి తానే కొవ్వొత్తి ముట్టించుకునేవాడు. పక్క సమాధుల వాళ్లు బిత్తరపోయి చూస్తే, "ఏం జూస్తున్నరు? బస్సుల సీటు మీద దస్తీ ఏస్తమా లేదా? నేను కాలేసి జాగ ఆపిన," అనేవాడు. అందరూ నవ్వేవారు. బాపమ్మ నవ్వేది కాదు.

లేని కాలు ఎట్లా నొస్తుందని నన్ను అడిగిన వాళ్లతో ఇప్పటికి చాలాసార్లు పోట్లాడాను. నాది ఊరుకునే నోరు కాదని మా వాళ్లందరికీ తెలుసు. ఈ మధ్య పక్కింట్లోనే ఆ ప్రశ్న మళ్లీ విన్నాను కనుక, పోట్లాట పక్కన పెట్టి, ఈసారి జరిగింది జరిగినట్టు రాద్దామనిపించింది.

మాది శ్రీరాంపూర్ దిక్కు బొగ్గు గనుల కాలనీ. గనిని మేం బాయి అనే అంటాం. నాకు ఊహ తెలియకముందే మా అవ్వ జ్వరంతో పోయింది. నన్ను సాకింది బాపమ్మే. బాపు బాయి లోపల నీళ్లు తోడే పంపుల దగ్గర పనిచేసేవాడు. పిక్కల దాకా వచ్చే నల్లటి రబ్బరు బూట్లు తొడుక్కొని షిఫ్టంతా నీళ్లలోనే నిలబడాలి. అందరి బూట్లూ ఒక్క తీరుగానే ఉంటాయి కనుక ఎవరి గుర్తు వాళ్లు పెట్టుకునేవారు. మా బాపు ఇనుప చువ్వ ఎర్రగా కాల్చి బూటు అంచు మీద సిలువ వేసుకున్నాడు. ఆయనతో జోడీగా పనిచేసే ఆయన్ని నేను పెద్దబాపు అని పిలిచేదాన్ని. ఆయన తన బూట్ల అంచుకు కత్తితో గాట్లు పెట్టుకున్నాడు.

మొదటి షిఫ్టు విడిచే సైరన్ మోగగానే నేను మంచం ముందు పీట వేసుకొని కూర్చునేదాన్ని. బాపు వచ్చి మంచం మీద కూలబడి కాలు చాపేవాడు. నీళ్లు దూరి, కాళ్లు ఉబ్బి, బూటు ఊడి వచ్చేది కాదు. "మెల్లగ బిడ్డా. పైన గుంజితె రాదు, మడమ కాడ వట్టు," అనేవాడు. మడమ దగ్గర పట్టి బలమంతా పెట్టి గుంజితే అది ఒక్కసారి ఊడేది, నేను బూటుతో సహా వెల్లకిలా పడేదాన్ని. తర్వాత దాన్ని మురుగు నీళ్ల మోరీ దగ్గరికి తీసుకపోయి లోపలి నీళ్లు గుమ్మరించడం నా పనే. "చేప ఉన్నదా చూడు," అని బాపు మంచం మీది నుంచి కేకేసేవాడు. నేను రోజూ వంగి చూసేదాన్ని. బొగ్గు నీళ్లలో చేప ఉండదని తెలిసిన తర్వాత కూడా చూశాను.

ఒక వానాకాలం, బాయిలో బొగ్గు టబ్బులను లాగే తాడు తెగింది. టబ్బు బాపు ఎడమ కాలి మీదికి వచ్చింది. ఆసుపత్రిలో మోకాలికి జానెడు కింద కాలు తీసేశారు, బూటుతో సహా. దాన్ని గుడ్డలో చుట్టి పెద్దబాపు చేతికిచ్చారు. ఆ రోజుల్లో అట్లాగే ఇచ్చేవారు. ఆయన, ఇంకొందరు బాయి వాళ్లు శ్మశానానికి తెచ్చి, మా అవ్వ పక్కన గుంత తీసి, బూటు విప్పబోయారు. కాలు ఉబ్బి ఉంది, అది రాలేదు. కత్తితో కోయడానికి ఎవరికీ చేయి ఆడలేదు. నిన్నటి దాకా తమ పక్కన నడిచిన కాలు. ఇంక దానికి నొప్పేమున్నదిలే అనుకొని బూటుతోనే పూడ్చి మట్టి వేశారు. వాళ్లను తప్పు పట్టడానికి నేను చాలా వెతికాను. దొరకలేదు.

పుండు మానింది. కుట్లు మానాయి. అప్పుడు మొదలైంది నొప్పి.

"బూటు తీయుండ్రి. లోపల నీళ్లున్నయి. వేళ్లు ముడుసుకపోతున్నయి," అనేవాడు బాపు. మేం చూస్తే అక్కడ మంచం పట్టెలే కనిపించేవి. షిఫ్టు విడిచే సైరన్ మోగిందంటే చాలు, ఆయన మొఖం మారిపోయేది. మంచం కోడు పట్టుకొని తువాలు నోట్లో కుక్కుకునేవాడు. బాపమ్మ ఉప్పు మూటలు కాచి కాపడం పెట్టింది, ఆముదం రాసింది. సంఘం అయ్యగారు వచ్చి ప్రార్థన చేసి పోయారు. దవాఖానలో కంపౌండరు, "లేని కాలికి ఏం మందు రాయాలె? ఉన్న కాలికి రాయమంటవా?" అని నవ్వాడట. నల్లా దగ్గర బిందెలు పెట్టుకున్న ఆడవాళ్లు ఇంకో మాట అన్నారు, మనిషి మంచానికి అలవాటు పడ్డాడని. ఆ మాట అన్నామెతో బాపమ్మకు అయిన లొల్లి మా కాలనీలో చాలా రోజులు చెప్పుకున్నారు. నా నోరు ఎవరి నుంచి వచ్చిందో ఇక్కడే తెలుస్తుంది.

చివరికి బాపును కరీంనగర్‌లో ఒక డాక్టరుకు చూపించారు. కోసిన చోట నరం కొస ముడిపడి ఉండవచ్చు, ఇంకా పైన, మోకాలి మీదికి కోస్తే నొప్పి పోవచ్చు అన్నాడాయన. పోవచ్చు అని ఆయన అన్నది, పోతుంది అని బాపుకు వినిపించింది. ఈస్టరు అయినంక వచ్చే వారానికి కోత ఖాయం చేసుకొని వచ్చాడు.

బాపమ్మ అన్నం ముట్టలేదు. "మోకాలు ఉంటె రేపో ఎల్లుండో కట్టె కాలు పెట్టుకొని నడుస్తవు కొడుకా. అది గూడ పోతె కూసున్నకాడికెల్లి లేస్తవా? నేను ఎన్ని దినాలుంట, నీ పిల్ల ఎంతది?"

"మోకాలు ఏం జేసుకోవాలె అవ్వా. నాకు ఇంత నిద్ర గావాలె," అన్నాడు బాపు. కోపంగా అనలేదు. అడుక్కున్నట్టు అన్నాడు. ఆ గొంతు నాకు భయం పుట్టించింది. బాపు దేన్నీ ఎవరినీ అడుక్కోవడం నేను అంతకు ముందు వినలేదు.

బాపమ్మ చదువుకోలేదు కానీ ఆమె లెక్క ఆమెకుంది. కొడుకు బూటు తీయమంటున్నాడు. బూటు మట్టిలో ఉంది. తీయాలంటే తవ్వాలి. అయ్యగారిని పోయి అడిగింది. పూడ్చిన దాన్ని పునరుత్థానం దాకా కదపరాదమ్మా అని ఆయన మెల్లగా చెప్పి పంపారు. ఆమె ఆయనతో వాదించలేదు. బాపమ్మ వాదించలేదంటే ఇంకేదో అనుకున్నదని నాకు అప్పుడే తెలియాల్సింది.

ఈస్టరు ముందటి శనివారం సున్నం వేయడానికి నన్ను వెంటబెట్టుకొని శ్మశానానికి పోయింది. చేతిలో గడ్డపార, భుజానికి ఒక సంచి. సమాధులకు సున్నం వేశాక సంచిలోంచి ఒక బూటు తీసింది. ఎడమ కాలిది. అరిగిపోయిన పాత బూటు. పెద్దబాపును అడిగి తెచ్చిందట. దిబ్బ పక్కన కాస్త మట్టి పెళ్లగించి, నీళ్లు పోసి, ఆ బురద బూటు లోపలా బయటా పూసింది. అప్పటికి నాకు సంగతి అర్థమైంది.

"గది అబద్ధం గాదా బాపమ్మా? ఆదివారం బడిల అబద్ధం ఆడొద్దని చెప్పిండ్రు."

"ఆదివారం బడి ఆదివారం నాడు. ఇయ్యాల శనివారం. సున్నం బకీటు వట్టుకొని నడువు."

కొంత దూరం నడిచాక నా వైపు చూడకుండానే ఇంకో మాట అంది. "వాని మోకాలు పోయినంక నిజాన్ని ఏం జేసుకుంటమే? పొయ్యిల పెడుదమా? దేవుడు అడిగితె నేను జవాబు చెప్పుకుంట. నిన్ను అడగడు, ఫికర్ జెయ్యకు."

ఇంటికి వచ్చి బురద బూటును బాపు ఒళ్లో పెట్టింది. తవ్వినం, విప్పినం, కాలును సాపుగా పండవెట్టి మంచిగ మట్టి కప్పినం అని చెప్పింది. ఆమె గొంతు ఎక్కడా వణకలేదు. బాపు బూటును చేతుల్లోకి తీసుకున్నాడు. ఆయన బొటనవేలు బురదను తుడుచుకుంటూ అంచు పొడుగునా పోయి ఒక చోట ఆగింది. నేను మంచం పక్కనే ఉన్నాను. అక్కడ సిలువ లేదు. గాట్లున్నాయి. బాపమ్మకు గుర్తుల సంగతి తట్టలేదు. ఆమె ఏనాడూ బాయి దిక్కు పోయిన మనిషి కాదు.

బాపు తల ఎత్తి తల్లిని చూశాడు. ఆమె చీర కుచ్చిళ్ల నిండా మట్టి, మోచేతుల దాకా సున్నం.

"నాదే అవ్వా," అన్నాడు.

"మరి ఇప్పుడెట్లున్నది కొడుకా?"

"అల్కగైంది. వేళ్లు విచ్చుకున్నయి."

బాపమ్మ గోడకు చేరగిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. కాలు పోయిన రోజు కూడా ఆమె ఏడ్వడం నేను చూడలేదు. కరీంనగర్ ప్రయాణం ఆగిపోయింది. పండుగ నాడు సంఘంలో కృతజ్ఞత చెప్పుకున్నారు. బూటు తీయగానే నొప్పి పోయిందన్న కథ కాలనీ అంతా తిరిగింది. నవ్విన వాళ్లు కూడా నమ్మారు.

పండుగ పోయిన తర్వాత ఒక పగలు, బాపమ్మ నల్లా దగ్గరికి పోయినప్పుడు సైరన్ మోగింది. బాపు తువాలు నోటికి తీసుకున్నాడు. గుమ్మంలో ఉన్న నన్ను చూసి మళ్లీ కిందికి దించి, మొఖం తుడుచుకున్నట్టు చేశాడు.

"బాపూ, బూటు ఇంకా ఉన్నదా?" అని అడిగాను.

ఆయన తలుపు వైపు చూశాడు. "ఉన్నది బిడ్డా. నిండ నీళ్లు ఉన్నయి. మీ బాపమ్మకు చెప్పకు."

"మరి నాదే అన్నవు గద?"

"అది మీ పెద్దబాపుది. మడమ కాడ పంచరు జూసినవా? నేనే ఏసిచ్చిన." నవ్వబోయాడు, నొప్పికి నవ్వు సగంలోనే ఆగిపోయింది. "తవ్విన అని చెప్పనీకె గా ముసల్ది మట్టిల పొర్లి వచ్చింది. కాదని ఎట్లనాలె?"

నాకు ఏం చేయాలో తెలియలేదు. తెలిసిన పని ఒక్కటే ఉంది. పీట తెచ్చి మంచం ముందు వేసుకొని కూర్చున్నాను. గుడ్డ చుట్టిన మొండి కాలికి కింద, ఏమీ లేని చోట, రెండు చేతులూ పెట్టాను. బాపు నన్ను వింతగా చూశాడు. తిడతాడేమో అనుకున్నాను.

"గాడ గాదు," అన్నాడు మెల్లగా. "జర కిందికి. ఇంక జర. ఆఁ, మడమ కాడ వట్టు."

పట్టాను. ఆయన రెండు చేతులతో మంచం పట్టె పట్టుకున్నాడు, వెనుకటి లాగే. నేను గుంజాను. ఊరికే గాలిలో చేతులు ఆడిస్తే కుదరదని నాకు తెలుసు. బూటు ఎంత మొండిదో నా చేతులకు గుర్తుంది. మొండి కాలి పైన తొడ కండ బిగుసుకోవడం, వదలడం కనిపించింది. ఊడి రాగానే వెల్లకిలా పడ్డాను. లేచి, చేతుల్లో లేని బూటును మోరీ దగ్గరికి తీసుకపోయి వంచాను.

వెనుక నుంచి బాపు గొంతు వినిపించింది, ముక్కు ఎగబీల్చుకుంటూ. "చేప ఉన్నదా చూడు."

వంగి చూశాను.

ఆ పూట ఆయన ఒక నిద్ర తీశాడు. అద్భుతం అని రాయను, ఆ మాటతో మా ఇల్లు అప్పటికే ఒకసారి మోసపోయింది. కొన్ని రోజులు పని చేసేది, కొన్ని రోజులు ఏం చేసినా బూటు వచ్చేది కాదు. అయినా నేను కాలేజీ చదువుకు కరీంనగర్ పోయే దాకా, సైరన్ వేళకు బాపమ్మ ఇంట్లో లేనప్పుడల్లా ఆ పని చేశాం. ఆమె ఉన్నప్పుడు బాపు నవ్వు మొఖం పెట్టుకొని కూర్చునేవాడు. ఆమె కన్నుమూసే దాకా అట్లాగే కూర్చున్నాడు.

బాపమ్మ చేసింది తప్పా ఒప్పా అని నాతో నేనే ఎన్నో ఏళ్లు వాదించుకున్నాను. ఆ అబద్ధమే లేకపోతే మోకాలు పోయేది. మోకాలు ఉంది కనుకే తర్వాత కృత్రిమ కాలు పెట్టించుకొని, సైకిల్ తొక్కుకుంటూ రైల్వే స్టేషన్ దాకా వచ్చి నన్ను బండెక్కించేవాడు. కానీ ఆ అబద్ధమే ఆయన నోరు కుట్టేసింది. నొప్పి పోయిందని అందరూ నమ్మిన మనిషి మళ్లీ నొప్పి అని ఎవరికి చెప్పుకుంటాడు? బాపమ్మకు తన కొడుకు మోకాలు దక్కింది. బాపుకు తన తల్లి నిద్ర దక్కింది. ఒకరికొకరు ఇచ్చుకున్నదాంట్లో నొప్పికి మాత్రం చోటు లేకుండా పోయింది. ఇందులో నేను ఎవరి పక్షమో ఇప్పటికీ తేల్చుకోలేదు. నాకు అట్లాంటిది అరుదు.

చాలా ఏళ్ల తర్వాత నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు, బాపును బలవంతంగా మళ్లీ ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. కాలు పోయినా కాలి జాగ మెదడులో అట్లాగే ఉంటుందని, కోసిన నరాలు అక్కడికి కబుర్లు పంపుతూనే ఉంటాయని ఆమె వివరంగా చెప్పింది. నరాల నొప్పికి మాత్రలు రాసింది. వాటితో మంట కొంత తగ్గింది. వ్యాయామం నేర్పే అమ్మాయి ఆయన కాళ్ల మధ్య ఒక నిలువుటద్దం పెట్టింది. కుడి కాలు అద్దంలో ఎడమ కాలిలా కనిపించింది. బాపు దాన్ని చూస్తూ కుడి కాలి వేళ్లు ముడిచాడు, తెరిచాడు. "ఎన్ని పొద్దులాయె దీన్ని జూడక," అన్నాడు అద్దంతో. తర్వాత నా వైపు తిరిగి, "మనం అద్దం లేకుంటనే నడిపిచ్చినం గద బిడ్డా," అన్నాడు. నేను ఆ గదిలోంచి బయటికి వచ్చేశాను. లోపలే ఉంటే ఏడ్చేదాన్ని.

బాపు పోయిన రోజు, తాను ఆపుకున్న జాగాలోనే, మా అవ్వ పక్కన తవ్వుతుంటే గడ్డపారకు మెత్తగా ఏదో తగిలింది. బూటు. రబ్బరు మట్టిలో కలవదు. సంఘం పెద్దలు అది అట్లాగే ఉంచి పక్కకు జరిపి తవ్వుదామన్నారు. అప్పటి అయ్యగారు పోయారు, కొత్తగా వచ్చినాయన వయసులో నాకంటే చిన్నవాడు. పూడ్చింది కదపరాదు అని ఆయనా మొదలుపెట్టాడు.

"అయ్యగారూ, మా బాపు బతుకంత అడిగింది ఒక్కటే. గా బూటు తీయుండ్రని. ఇప్పుడు గూడ తీయకుంటె రేపు లేసినప్పుడు కుంటుకుంట లేస్తడు. గది మీకు మంచిగనిపిస్తదా?" అన్నాను. ఆయన పక్కకు జరిగాడు. పెద్దలు గడ్డపార కింద పెట్టారు. నా నోటికి జడిశారో, నా మొఖం చూసి ఊరుకున్నారో తెలియదు.

చీర ఎగజెక్కి గుంతలోకి దిగాను. మట్టి తుడిస్తే అంచు మీద సిలువ కనిపించింది. మడమ దగ్గర పట్టుకొని మెల్లగా గుంజాను. వచ్చింది. చిన్నప్పుడు ఏమీ లేని చోట నా చేతులు మోసిన బరువు ఇంతే. ఒడ్డున కూర్చొని బూటును తెల్ల గుడ్డ మీద వంచాను, మట్టి, మట్టిలో సన్నటి ఎముకలు రాలాయి. కడిగి, దస్తీలో చుట్టి, పెట్టెలో బాపు ఎడమ మోకాలి కింద పెట్టాను. ఉత్త బూటు నా చేతిలో మిగిలింది. ఎవరూ చూడకుండా లోపలికి ఒకసారి వంగి చూశాను.

మొన్న పక్కింటి పెద్దాయనకు షుగరు ముదిరి పాదం తీసేశారు. పోయిన వారం వాళ్లింటికి పోతే, ఆయన భార్య గుమ్మంలోనే, "సూడు చెల్లె, లేని పాదం గుంజుతున్నదంట. రోజు గిదే నాటకం. నాకు సావొస్తున్నది," అని మొదలుపెట్టింది. ఆమె కళ్ల కింద నల్లగా ఉంది. ఆమెకూ నిద్ర లేదు. నాలుక చివరి దాకా వచ్చిన మాటను మింగేశాను. అది నాకు అలవాటు లేని పని.

లోపలికి పోయి ఆయన్ని అడిగాను. "ఏం బిగుసుకున్నట్టున్నది అన్నా? చెప్పులా, బూటా?" అని. ఆయన అనుమానంగా చూశాడు, నేనూ నవ్వడానికి వచ్చానేమోనని. తర్వాత చెప్పాడు. కోయకముందు పుండుకు కట్టిన కట్టు. గట్టిగా కట్టారట. ఇంకా అట్లాగే ఉందట.

నేను ఆ అక్క చేయి పట్టుకొని మంచం ముందు పీట మీద కూర్చోబెట్టాను.

"విప్పు," అన్నాను.

"ఏం విప్పాలె? ఆడ ఏమున్నది?"

"కట్టు. కొస యాడున్నదో నన్నడగకు. ఆయన్నే అడుగక్కా, చెప్తడు."